యాల్జా తిట్ల గుండెలు

మా బిస్త్రిత్స ఊళ్ళో యాల్జా పేరెత్తితే ఇప్పటికీ కొందరు నవ్వుతారు, కొందరు మొహం తిప్పుకుంటారు. ఆమె బతికున్న రోజుల్లో మాత్రం అందరూ నోరు మూసుకునేవాళ్ళు.

కొండకవతలి ఊరినుంచి కోడలిగా వచ్చింది. అత్తవారిది తరతరాలుగా లిత్సితార్లు చేసే ఇల్లు. తేనె, అల్లం, లవంగం కలిపిన పిండిని గుండె ఆకారంలో కోసి కాలుస్తారు. ఎర్రరంగు పూసి ఆరబెట్టి, కాగితపు పొట్లంలోంచి సన్నగా పిండే తెల్లటి చక్కెర ముద్దతో పువ్వులూ మాటలూ రాస్తారు. ఒకప్పుడు మఠాల్లో సన్యాసులు చెక్క అచ్చుల్లో ఒత్తేవారట. రేకు అచ్చులు తర్వాత వచ్చాయి. తిరునాళ్ళలో కుర్రాళ్ళు నచ్చిన పిల్ల చేతిలో పెట్టేది అదే. క్రిస్మస్ చెట్టుకు పిల్లల పేర్లు రాసి వేలాడదీసేదీ అదే.

పిండి కలిపే గుట్టు ఆ ఇంట్లో పుట్టిన మగవాళ్ళకే తెలుసు. ఆ పని చేసేటప్పుడు మామ తలుపు గడియ పెట్టుకునేవాడు. యాల్జాకు రాత పని అప్పగించారు. ఆమె అక్షరాలు ముత్యాల్లా ఉండేవి. వాటికోసమే పక్క ఊళ్ళనుంచి జనం వచ్చేవాళ్ళు. మామ పోయాడు. కొన్నేళ్ళకు ఊపిరితిత్తుల జబ్బుతో భర్త ఫ్లోరియాన్ కూడా పోయాడు. అతన్ని పాతిపెట్టిన మట్టి ఆరకముందే మరిది వింకో పనిగదికి కొత్త తాళం వేశాడు.

"ఇదేంటి వింకో? నా సామాను లోపలుంది."

"నీ సామానేంటి వదినా? నువ్వు తెచ్చుకున్నవి నీ బట్టలేగా. అన్న పోయాడు. ఇంక నీకిక్కడేం పని? పుట్టింటికి పో."

"నేను రాసినవేగదరా ఇన్నేళ్ళూ అమ్ముకున్నావు!"

"చక్కెర పిండడం కూడా ఒక విద్యేనా? రేపట్నించి నా పెళ్ళాం పిండుతుంది."

యాల్జా పుట్టింటికి పోలేదు. మా ఎదురింట్లో పాత రొట్టెల పొయ్యి ఉంటే అక్కడ అద్దెకు దిగింది. పిండి తనంతట తనే కలిపి చూసింది. ఒకసారి జారిపోయేది, ఒకసారి రాయయ్యేది. ఆగస్టులో మేరీమాత పండగకు సరిగ్గా వింకో దుకాణానికి ఎదురుగా బల్ల వేసింది. అంచులు పగిలిన గుండెలు. వింకో జనం మధ్యలో నిలబడి గొంతెత్తాడు.

"రండమ్మా రండి! ఇల్లు కురుస్తోందా? మా వదిన దగ్గర తేనె రాసిన పెంకులు దొరుకుతాయి! పళ్ళూడితే నన్నడక్కండి!"

జనం విరగబడి నవ్వారు. యాల్జా బల్ల మీద గుడ్డ కప్పేసి ఇంటికొచ్చేసింది.

మరుసటేడు మళ్ళీ అక్కడే వేసింది. 'నా ప్రాణమా' అని ఉండాల్సిన చోట 'ఇంటిపెంకు' అని రాసింది. ఇంకో దానిమీద 'తాళాల దొంగ'. మరోదాని మీద 'తిన్నది అరిగిందా?' ఊరివాళ్ళకు క్షణంలో అర్థమైంది. ఏమీ తెలియని యాత్రికులకు కూడా అవి తెగ నచ్చాయి. ఒకావిడ 'నోరు ముయ్యి' అన్నది మొగుడికి కొనిపెట్టింది. ఒక అత్త అల్లుడికోసం 'సోమరిపోతు'ను ఏరుకుంది. మధ్యాహ్నానికే బల్ల దాదాపు ఖాళీ. వింకో ఊగిపోతూ వచ్చాడు.

"గుడి ముందర, పండగ పూట మా ఇంటి పరువు తీస్తావా?"

"నీ పేరెక్కడైనా రాశానా? చూపించు. నీ అంతట నువ్వే గుర్తుపట్టుకుంటే నేనేం చెయ్యను మరిదీ?"

వింకో ఒక గుండె తీసి నేలకేసి కొట్టాడు. అది పగల్లేదు. ఆ రోజు జనం నవ్వింది అతన్ని చూసి.

అలా చాలా ఏళ్ళు నడిచింది. నిజం చెప్పాలంటే వింకో పిండికి సాటి లేదు, కానీ వాటిమీది రాత కోడి గీకినట్టుండేది. యాల్జా రాతకు సాటి లేదు, పిండి మాత్రం ఎన్నడూ అతనిదంత బాగా కుదరలేదు. ఇద్దరూ కలిస్తే బాగుండునని ఊరంతా అనుకునేది. వాళ్ళ ముందు అనే ధైర్యం ఎవరికుంది?

ఒక డిసెంబరులో, గుడి క్రిస్మస్ చెట్టుకు గుండెలు చేయాల్సిన రోజుల్లో, మంచులో నడుచుకుంటూ వింకో ఆమె గేటు దగ్గరికొచ్చాడు. అప్పటికి చక్కెర రాత రాసే అతని భార్య పోయింది. యాల్జా లోపలికి రమ్మనలేదు. మా కిటికీలోంచి అంతా వినబడింది.

"గుండెలు కాల్చాను. రాసే దిక్కు లేదు. పండగ కదా వదినా..."

"పిండి ఎలా కలుపుతావో చూపించు. రాస్తాను."

"అది మా నాన్న నాకిచ్చింది."

"మీ అన్నకూ ఇచ్చాడు. ఆయన మంచాన పడి నాకు చెప్పబోతే గుమ్మంలో నిలబడి ఆపిందెవర్రా?"

"నాతో గోతిలోకి పోతుంది గానీ నీ చేతికి రాదు!"

"పోనీ. నువ్వూ పో."

ఆ క్రిస్మస్‌కు గుడి చెట్టు మీద ఒట్టి ఎర్ర గుండెలే వేలాడాయి. ఒక్కదాని మీదా పువ్వు లేదు, అక్షరం లేదు. తమ పేర్లు వెతుక్కోవడానికి చెట్టు చుట్టూ చేరిన పిల్లలు ఊరికే నిలబడిపోయారు. వింకో మొదటి వరస బల్ల మీద తలొంచుకుని కూర్చున్నాడు. పూజ కాగానే యాల్జా విసవిసా బయటికొచ్చి మా అమ్మ చెయ్యి పట్టుకుంది. "ఎంత నున్నగా కాల్చాడో చూశావా, వెధవ!" అంది. గెలిచినదాని మొహంలా లేదది.

వసంతం రాకముందే వింకో చనిపోయాడు. మర్నాడు అతని కూతురు తిల్కా యాల్జా ఇంటికొచ్చింది.

"పిండి గుట్టు నాక్కూడా చెప్పలేదు పెద్దమ్మా. పెళ్ళయి ఇంకో ఇంటికి పోయేదాన్నట."

యాల్జా చేతిలో గరిట విసిరికొట్టింది. "కన్నకూతుర్ని కూడా పరాయిదాన్ని చేసి పోయాడా, పిసినారి పీనుగ!" అని అరిచింది. అరిచి అరిచి కుర్చీలో కూలబడింది. ఆ తర్వాత ఏడ్చింది. ఆమె ఏడవడం మేం చూసింది అదొక్కసారే.

ఆ వారంలోనే వీధి తలుపు తెరిచి పెట్టింది. ఎవరొచ్చినా తను సొంతంగా నేర్చుకున్నట్టే పిండి కలపడం చూపించేది. మొదట తిల్కా, తర్వాత మా అమ్మ, తర్వాత సగం వీధి ఆడవాళ్ళు. నేర్పడమంటే తిట్టడమే. "ఇది గుండేనా, గేదె గిట్టా?" అంటే ఒకామె ఏడుస్తూ పారిపోయింది. నీది ఎంత మంచి మనసు యాల్జా అని ఎవరో అంటే విరుచుకుపడింది.

"మంచి మనసా? నా మొహం! ఈ ఊళ్ళో ఇంకో వింకో పుట్టకూడదని నేర్పుతున్నా. పిండి చూసుకో, మాడుతోంది!"

చివరిదాకా అతన్ని క్షమించలేదు. క్షమించమని చెప్పిన ఫాదర్‌తో ఏడాదిపాటు మాట్లాడలేదు. ఆమె పోయిన ఏడాది గుడి చెట్టుకు గుండెలు చాలా ఇళ్ళనుంచి వచ్చాయి. కొన్ని మందం, కొన్ని పలచన, ఎరుపులు ఒకదానికొకటి కలవలేదు. మా అమ్మ చేసిన వాటిల్లో ఒకటి అంచున మాడింది. తిల్కా దాన్ని కూడా వేలాడదీసింది.