గోతాల గౌను తొడుక్కుని నిలబడిన మా ప్రభాకరన్న

నిన్న పొద్దున తాడిపత్రి నుంచి ఫోన్. ప్రభాకరన్న ఇక లేడని వాళ్ళ తమ్ముడు చెప్పాడు. గుండెపోటు.

మొన్ననే కదా నాతో మాట్లాడాడు అని ఆ తమ్ముడితో వాదించాను. నాకు బుద్ధి లేదు.

అప్పటి నుంచి కాలు నిలవడం లేదు. ఇల్లు, షాపు, మళ్ళీ ఇల్లు. ఈ పోస్ట్ కూడా షాపులో అటూ ఇటూ తిరుగుతూనే టైప్ చేస్తున్నా.

తెలియని వాళ్ళ కోసం చెప్తున్నా. అనంతపురంలో గురువారం నేను తెరవబోయే షాపుకి ఇంటీరియర్ చేసింది ఆయనే.

ఒంటిచేతి కోటు, వేరుశనగ గోతాలతో కుట్టిన గౌను... నా షాపులో ఉండేవి ఇలాంటివి పన్నెండే పన్నెండు. డిజైనర్లు ఒక్కొక్కటే చేసిన బట్టలు. వేసుకోవడానికి కాదు, దాచుకోవడానికి కొనేవాళ్ళు బెంగళూరు నుంచి వస్తారని నా ధైర్యం. ఈ ఊళ్ళో ఇదేం పిచ్చి అనని ఒకే ఒక్క మనిషి అన్న.

ఆర్ట్ గ్యాలరీలా ఉండాలన్నాను. పాలిష్ పట్టని బండలు పరిచాడు. గోడకి ఒకే డ్రెస్. మిగతాదంతా ఖాళీ.

మా నాయనది పాతూరులో చీరల అంగడి. బట్టలంగట్లో గోడ బోసిగా కనిపిస్తే అంగడి ఎత్తేస్తున్నట్టే ఆయన లెక్కలో. ఒకరోజు అన్నా నేనూ టీకి వెళ్ళి వచ్చేసరికి, కూతురి పరువు పోతుందని, నలభై చీరలు తెప్పించి గోడ నిండా వేలాడదీశాడు.

నేను నెత్తి కొట్టుకున్నాను. అన్న కోప్పడలేదు. నాయనతో కూర్చుని ఒక్కో చీరా మడత పెడుతూ అడిగాడు.

"పెద్దాయనా, నీ అంగట్లో యా చీరైనా అమ్మకుండా పెట్టుకున్నావా?"

నాయన చేతిలో చీర కింద పెట్టాడు. కొంగు రంగులు తారుమారుగా నేసిన ధర్మవరం చీర ఒకటి బీరువాలో ఉందట. వాపసు పంపాల్సింది, మనసు రాలేదట. అట్లాంటిది ఇంకోటి ఎవరూ నేయరని.

"నీ కూతురు అమ్మేది అట్లాంటివే పెద్దాయనా. పక్కన ఇంకోటి పెడితే దాన్ని ఎవురు చూస్తారు?"

ఆ తర్వాత ఖాళీ గోడ గురించి నాయన నోరెత్తలేదు. ఇన్నేళ్ళు నేను చెప్పలేకపోయింది చీరలు మడతపెట్టే లోపల అన్న చెప్పేశాడు.

లైట్లు ఎక్కడ పెట్టాలో మాత్రం కాగితం మీద గీసేవాడు కాదు. డ్రెస్ తనే తొడుక్కుని గోడ దగ్గర నిలబడేవాడు. నేను లైటు జరపాలి. ఆరడుగుల మీసాల మనిషి, గోతాల గౌనులో! నవ్వు ఆపుకోలేకపోయేదాన్ని.

"నవ్వుతాండావు గానీ, మడతల్లో నీడ పడతాండాదా లేదా చూడు."

చివరి గోడకి రెండు లైట్లు మిగిలిపోయాయి. మొన్న ఫోన్లో, ఆలస్యమవుతోందని గొంతు పెంచాను. రేపొస్తా అన్నాడు. సరే అని కూడా అనకుండా పెట్టేశాను. అది నన్ను తినేస్తోంది.

పొద్దుటి నుంచి ఆ రెండూ నేనే పెట్టి చూస్తున్నా. ఎక్కడ పెట్టినా తప్పుగానే ఉంది. ఎలక్ట్రీషియన్‌ని పంపాలా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. వద్దు.

గురువారం షాపు తెరుస్తాను. ఆ గోడ చీకట్లోనే ఉంటుంది. అడిగినవాళ్ళకి, అన్న పని ఇంకా కాలేదని చెప్తాను.

పోయిరా ప్రభాకరన్నా. మా కోసం తిరిగింది చాలు. ప్రభువు దగ్గర నెమ్మదిగా పండుకో.