వాకిట్లో కాచుకున్న పాట

మా ముత్తాత పుంగనూరు దగ్గర పన్నెండు పల్లెలకు దొర. ఆయనను చూడవచ్చినవాళ్లు వాకిట్లో కూర్చోవలసిందే. గుంపు చేరితేగాని లోపలికి పిలుపు రాదు. నా కాలానికి మిగిలినవి పాటలో తాళం తప్పని ఇల్లన్న పేరు, ఆయన ఎక్కిన పల్లకి, అంతే.

రెండువేలు దాటిన కొత్తలో మదనపల్లెలో కంప్యూటరు కొని, ఇంట్లోనే పాట రికార్డు చేయబోయాను. హెడ్‌ఫోనులో నా గొంతు నాకే ఆలస్యంగా వినిపించి, ప్రతిసారీ తాళం తప్పింది. ఇక పాడకూడదనుకున్నాను.

కంప్యూటరు చూడ్డానికి కుప్పం నుంచి వచ్చిన, మా ముత్తాత కథలు విన్న మెకానిక్కు ఏ యంత్రం ముందైనా మొదట ఒక చప్పట కొట్టి, తల వంచి వినేవాడు. నా హెడ్‌ఫోను పెట్టుకుని, మైకు ముందు చప్పట కొట్టి నవ్వాడు.

"తాళం తప్పింది మీరు గాదప్పా, ఇది. అచ్చం మీ ముత్తాతే."

"ఆయన ఊసెందుకు?" అన్నాను బిగుసుకుని.

"శబ్దాన్ని వాకిట్లో కూసోబెట్టి, గుంపు సేరినాకనే లోపలికి ఇడస్తాండాది. గుంపును సిన్నది సేస్తే సరి."

బఫర్ అనే అంకె తగ్గించి మళ్లీ చప్పట కొట్టాడు. ఈసారి చప్పుడు చేతులతోపాటే చెవికి చేరింది.

"ఇంకా తగ్గించు," అన్నాను.

"వద్దప్పా, శబ్దం గరగరమంటాది. దొరకు ఆ మాత్రం మర్యాద ఉండల్ల గదా."

నేనూ నవ్వాను. ఆ సాయంత్రం మూడు కీర్తనలు తాళం తప్పకుండా పాడాను.

ఆ కంప్యూటరు కొన్నది ముత్తాత పల్లకి అమ్మి.