పది అడుగులు తక్కువైన వైరు

ఈ ఉదయం లేచేసరికి మా డునెడిన్ ఊరంతా మంచు. మా ఇల్లు కొండ మీద, ముందంతా వాలు. నా భార్య సునీత హాస్పిటల్లో నర్సు. తను వెళితే తప్ప రాత్రంతా డ్యూటీ చేసిన అమ్మాయి ఇంటికి పోవడానికి లేదు. అందుకే కరెంటు స్నో బ్లోయర్‌ను గరాజ్‌లో ప్లగ్గుకు తగిలించి, గంటసేపు మంచు ఎగజిమ్మాను. రోడ్డుకు ఇంకా పది అడుగులుందనగా వైరు బిగిసిపోయింది. వెనక్కి చూస్తే, తీసిన దారి మళ్ళీ తెల్లగా కప్పుకుపోయింది.

సునీత గుమ్మంలోకి వచ్చి, "ఏమండీ, ఎక్కడిదాకా తీశారు?" అంది.

"చాలావరకు తీశాను. మళ్ళీ పడింది."

"ఇంక వదిలేయండి. కారు దిగేలా లేదు, నడిచిపోతాను."

గమ్‌బూట్లు వేసుకుని బయలుదేరింది. మలుపులో జారిపడింది. నేను పరిగెత్తబోతే వద్దని చెయ్యి ఊపి, లేచి నడిచింది.

ఇందాక ఫోన్ చేసింది. తను చేరేసరికి రెండు గంటలు ఆలస్యమైందట, ఆ అమ్మాయి కుర్చీలోనే నిద్రపోయిందట. బస్సులు లేవు కాబట్టి ఇవాళ తనూ ఇంటికి రాలేనంది.

బయట ఇంకా కురుస్తూనే ఉంది. మంచు ఊళ్ళలో ఉన్నవాళ్ళు చెప్పండి, కురుస్తుండగా తీసి ఎవరైనా ఎప్పుడైనా గెలిచారా?