గులాబి ఇంటి చూరు దోనె

ఫిబ్రవరి దాటితే మంగళూరు దగ్గరి బెంగ్రెలో బావినీళ్ళు నోట పెట్టలేం. ఒక పక్క సముద్రం, ఒక పక్క నది, మధ్యలో జానెడు ఇసుక. బావి మాత్రం ఏం చేస్తుంది పాపం! ఆడవాళ్ళు బిందెలతో పడవెక్కి అవతలి ఒడ్డుకు పోవాల్సిందే. చేపలమ్మే గులాబి ముప్ఫై ఏళ్ళు అలాగే మోసింది. ఈ మార్చిలో నడుం పట్టేసి, పడవ దిగలేక ఒడ్డునే కూలబడింది. మళ్ళీ బిందె ఎత్తితే మంచాన పడతావన్నాడు డాక్టరు.

ఆ మాట చెవిన పడటమే ఆలస్యం, మంగళూరు నుంచి తమ్ముడు వామన ఊడిపడ్డాడు.

"ఇంక ఆ కొంపకి తాళం వెయ్యక్కా. మా ఫ్లాట్‌లో కూర్చుని తిందువుగాని."

"కొంపేంట్రా కొంప! అమ్మమ్మ అమ్మకిచ్చింది, అమ్మ నాకిచ్చింది. ఇంకోసారి అను, చెంప పగలగొడతా."

"మరి నీళ్ళో?"

"వాననీళ్ళు పట్టి దాచుకుంటా. వచ్చే ఏప్రిల్‌కి నా ట్యాంకులో తాగే నీళ్ళు లేకపోతే నువ్వు పిలవక్కర్లేదు, నేనే మూట కట్టుకుని వస్తా."

వామన నవ్వాడు. నవ్వడానికి సిగ్గుండాలి! రెండేళ్ళ క్రితం ఆ చూరుకు వాననీళ్ళు పట్టే రేకు దోనె కట్టించింది తనే కదా. వాన అటునుంచే కొడుతుందని పడమటి వైపు కట్టించాడు. ఆ వైపు పెంకుల మీద రోజూ సముద్రపు తుంపర పడుతుందన్న సంగతి అయ్యగారికి తట్టలేదు. ట్యాంకు నిండా ఉప్పునీళ్ళు, రెండో ఏటికి వాటిలో తుప్పు. పట్నంలో బతికితే సముద్రం ఎటుందో కూడా మర్చిపోతారు కాబోలు.

ఈసారి దోనె తూర్పు చూరుకే అని గులాబి తేల్చేసుకుంది. దేనితో చేయించాలన్నదే తేలలేదు. కొట్టువాడు అల్యూమినియం చూపించి, తుప్పే పట్టదమ్మా అన్నాడు.

"దేంతో బిగిస్తావ్?"

"ఇనుప మేకులే."

"మేకు చుట్టూ ఉప్పు తినేస్తుంది నాయనా. మా రేవుకొచ్చి చూడు."

పొరుగింటి అప్పి పెట్టించిన ప్లాస్టిక్ దోనె ఎండకు వంగిపోయి అతుకుల దగ్గర కారుతోంది. లోపలి ఊళ్ళవాళ్ళు వక్కమాను చీల్చి, తొలిచి కడతారు. చవకే, కానీ ఏడాది పాటు నీళ్ళు వగరు, రెండు వానలకు మెత్తబడుతుంది. గులాబికి విసుగొచ్చింది. ఇంత ఉప్పులో ఏదీ బతకదా?

ఎందుకు బతకదు! రేవు పాకలో పడవలు బాగుచేసే హమ్మబ్బ పాత పడవకు ఫైబర్ పరిచి జిగురు పూస్తున్నాడు. పదిహేనేళ్ళ పడవ, నిక్షేపంలా ఉంది.

"హమ్మబ్బన్నా, నా చూరుకి ఇది వేస్తావా?"

"చూరుకా! ఇల్లు తీసుకుని వేటకెళ్తావా ఏంటమ్మా?"

"నవ్వింది చాల్లే. తొలిచిన వక్కమాను తెస్తా. అందులో అంటుకోకుండా కవరు పరిచి ఫైబర్ పోత పొయ్యి. గట్టిపడ్డాక మాను తీసి పారేద్దాం."

హమ్మబ్బ నవ్వు ఆపేశాడు. "అచ్చు బాగానే ఉంటది. చేపల పెట్టెలకేసే జిగురు వేస్తాలే, తిండికి హాని చెయ్యదు. కానీ కంపు పోయేదాకా ఆ నీళ్ళు తాగకు. నెలలు పట్టొచ్చు."

మేకన్నది లేకుండా దోనెను వలతాళ్ళతో వేలాడదీశారు. జూన్‌లో వాన దిగింది. గులాబి వారం వారం ఒక గుక్క నోట్లో పోసుకుని ఉమ్మేసేది. కంపు. ఆగస్టులో ట్యాంకు నిండింది. ఇంకా కంపే. వెళ్ళి ట్యాంకు అడుగు బిరడా లాగి, నీళ్ళన్నీ ఇసుకలోకి వదిలేసింది.

"పిచ్చి పట్టిందా గులాబీ? వాన తగ్గుముఖం పట్టింది!" అని అరిచింది అప్పి.

"తాగలేని నీళ్ళు ఉంటే ఎంత, పోతే ఎంత?" అంది కానీ, లోపలికెళ్ళి గోడకానుకుని ఏడ్చింది. ఇల్లు పోతుందని భయమేసింది.

సెప్టెంబరంతా చినుకులే. అక్టోబరులో తూర్పు కొండల మీదుగా ఉరుముల వాన వచ్చింది. గులాబి దోనె కింద చెయ్యి పట్టి గుక్క నోట్లో పోసుకుంది. ఈసారి ఉమ్మలేదు. బిరడా బిగించింది. నాలుగు సాయంత్రాల వానకు ట్యాంకు అంచు దాకా నిండింది.

ఏప్రిల్‌లో వామన ఖాళీ పెట్టెలు రెండు పట్టుకుని మరీ దిగాడు. గులాబి ట్యాంకు కుళాయి తిప్పి, గ్లాసు నింపి ఇచ్చింది. అతను అనుమానంగా చప్పరించాడు. తర్వాత గటగటా తాగేశాడు.

"నా ఇంట్లో నా నీళ్ళు నేను తాగుతున్నానురా," అంది గులాబి. "ఇంకెప్పుడూ నన్ను రమ్మనకు."

వామన పెట్టెలు గుమ్మం పక్కకు జరిపి, గ్లాసు మళ్ళీ చాచాడు.

"మాకు మూడ్రోజులకోసారి వస్తాయక్కా నీళ్ళు. సెలవులకి పిల్లల్ని ఇక్కడికి పంపనా?"