ఖాళీ అని రాసిన కట్ట

నాలుగేళ్ల కిందట, కంప్యూటర్ డిప్లొమా అయిపోగానే, అనంతపురంలో ఒక యూనివర్సిటీ లైబ్రరీలో తాళపత్రాల జాబితా తయారుచేసే పని దొరికింది. పేరు, ఆకుల సంఖ్య, స్థితి అని మూడు గడులు పెట్టుకున్నాను. ఒక కట్టలో ఒక్క అక్షరమూ కనిపించలేదు. ‘ఖాళీ’ అని రాసి చెత్తలో వేయించాను. ఒక్క ఆకు మాత్రం గీతలు గీసుకోవడానికి స్కేలులా ఉంచుకున్నాను.

నెల తర్వాత మడకశిర నుంచి ఒక ముసలి గొర్రెల కాపరి వచ్చాడు. ఆ కట్టను లైబ్రరీకి ఇచ్చింది వాళ్ల నాయనట.

“గొర్రెలు పారుడు రోగంతో బేదులు పట్టి దినామూ సస్తాండాయి. మందు మా తాత దాంట్లో రాసినాడు. చదివి చెప్పప్పా.”

“మీ తాత ఉత్త ఆకులు కట్టిపెట్టినాడు పెద్దాయనా” అన్నాను. అటెండరు పకపకా నవ్వాడు.

ఆయన నా బల్ల మీది ఆకును గుర్తుపట్టి చేతికి తీసుకున్నాడు. “మసి రుద్దాల కదప్పా” అంటూ స్టాంప్ ప్యాడ్‌లో బొటనవేలు అద్ది, ఆకంతా రుద్ది, తువ్వాలుతో తుడిచాడు. గంటంతో గీసిన అక్షరాలు నల్లగా తేలాయి.

ఆయనకు చదువు రాదు. నేనే చదివాను. పారుడు రోగానికి మందు అని మొదలై, దినుసుల పేర్లు రాకముందే ఆకు అయిపోయింది.

“మిగతావి యాడుండాయి?”

“కాల్చేసినారు.”

“ఇదన్నా ఇయ్యప్పా.”

లైబ్రేరియన్ ఒప్పుకోలేదు. రాత ఉన్న ఆకు బయటికి పోకూడదన్నాడు. ఆ ముసలాయన చూస్తుండగానే దానికి నంబరు వేసి బీరువాలో పెట్టాను.

తెలియక ‘ఖాళీ’ అని రాశాను. ఆ నంబరు మాత్రం తెలిసే వేశాను.