కుర్చీ వదలనివ్వని లక్ష్మీకాంతం

లక్ష్మీకాంతం గారిని తేలిగ్గా తీసుకున్నవాడు బాగుపడ్డ దాఖలా లేదు. రాజమండ్రి లా కాలేజీలో ముప్పై ఏళ్లు ఇంగ్లండు రాజ్యాంగ చరిత్ర చెప్పిన మనిషి. ఎమర్జెన్సీ రోజుల్లో ప్రిన్సిపాల్ వద్దు మొర్రో అంటున్నా, రాజైనా చట్టానికి లోబడాల్సిందేనన్న పాఠం తలుపులు బార్లా తెరిచి మరీ చెప్పింది.

అలాంటావిడ 2012లో ఆరు నెలలుందామని అమెరికాలోని అరోరాలో కూతురు నళిని ఇంటికి వచ్చింది. వారమంతా గోడలు చూస్తూ కూర్చునే పెద్దవాళ్లకి తెలుగు సంఘం హాల్లో అంతా కలుసుకునే బుధవారం మధ్యాహ్నాలే ప్రాణం. సంఘం అధ్యక్షుడు డాక్టర్ చక్రధర్ తల్లి కోటమ్మ అయితే అందరికంటే ముందే వచ్చేది. ఆ బుధవారాలు కాస్తా పిల్లల కోచింగ్‌కి ఇచ్చేస్తామంది కమిటీ. చుట్టపుచూపుగా వచ్చిన పెద్దవాళ్లకి ఓటెక్కడిది? పోనీ ఓటున్న నళిని, బుధవారాలు పెద్దవాళ్లకే ఉంచాలని తీర్మానం పెడదామంటే, రెండు మీటింగుల్లోనూ చక్రధర్ టైమైపోయిందంటూ లేచిపోయాడు. ఆయన కుర్చీ దిగితే సభ ముగిసినట్టే. ఎంత తెలివండీ!

మూడో మీటింగులో లక్ష్మీకాంతం నెమ్మదిగా వెళ్లి ఆయన కుర్చీ వెనక నిలబడింది. శాలువా కప్పడానికేమో అనుకున్నారందరూ. నళిని కాగితం తీయగానే చక్రధర్ వాచీ చూసుకుని లేవబోయాడు. ఆవిడ రెండు చేతులూ అతని భుజాల మీద వేసి అదిమింది.

"కూచో నాయనా. నళినీ, నువ్వు చదువు."

తల్లి వయసు మనిషి చేతులు విదిలించుకోవడం ఎవరి తరం? నళినికి సిగ్గేసింది. అయినా చదివింది.

"ఆంటీ, ఇది ప్రొసీజర్ కాదు," అన్నాడు చక్రధర్.

"1629లో ఇంగ్లండు పార్లమెంటులో ఇదే ప్రొసీజర్. రాజు సభ వాయిదా వెయ్యమన్నాడని స్పీకర్ లేవబోతే, సభ్యులు ఇలాగే కుర్చీలో అదిమిపెట్టి తీర్మానాలు చేశారు."

"తర్వాత వాళ్లనేం చేశారు?"

"జైల్లో వేశారు. ఇరవై ఏళ్లకి ఆ రాజు తలే పోయింది."

హాలు గొల్లుమంది. మొండివాడు రాజుకన్నా బలవంతుడని ఊరికే అన్నారా! ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండని నళిని అడిగేసరికి అందరికంటే ముందు లేచింది వెనకవరసలో కోటమ్మ చెయ్యి.

"అమ్మా, నీకు ఓటు లేదు," అన్నాడు చక్రధర్, తల దించుకుని.

"నాకు లేకపోతే పోయె, నీకుందిగా. ఎత్తు."

చక్రధర్ చెయ్యెత్తాడు. చేతులన్నీ లెక్కపెట్టి, నెగ్గిందని మినిట్స్‌లో రాసిందాకా లక్ష్మీకాంతం ఆయన భుజాలు వదల్లేదు.