అండీలు తగ్గిన రోజు

మొన్న మధ్యాహ్నం మా అమ్మాయి బడి నుంచి ఫోన్ వచ్చింది. "ఏవండీ, పాప అమ్మగారేనాండీ? కంగారేం లేదండీ, చిన్న విషయమేనండీ..." అని టీచరుగారు మొదలుపెట్టగానే నేను చెప్పులు వేసేసుకున్నాను. ఒక్క గుక్కలో అన్ని అండీలు వినిపిస్తే నాకు అనుమానం. అది పదేళ్ల కిందట ఏలూరులో పట్టుకుంది, ఇప్పటికీ వదల్లేదు.

మా అమ్మాయి ఏడో నెల నిండీ నిండకుండానే పుట్టేసింది. భీమడోలులో మా ఇంటి నుంచి ఏలూరు ఆసుపత్రికి పరుగెత్తాం. పుట్టిన పిల్లను నాకు చూపించీ చూపించకుండానే ఎన్ఐసీయూలోకి తీసుకెళ్లి గాజు పెట్టెలో పెట్టేశారు. అరచేతిలో ఇమిడే పిల్ల, ముక్కులో గొట్టం, కాలికి తీగలు. బతుకుతుందా లేదా అన్నదొక్కటే నాకు కావలసిన జవాబు. ఆ ఒక్కటి తప్ప అందరూ అన్నీ చెప్పేవారు. డాక్టరుగారైతే "పర్లేదండీ, చూద్దామండీ" అనేవారు. పర్లేదంటే బాగుందనా, బాగాలేదనా? మా వైపు మాట మెత్తన, నిజమే. కానీ చెడ్డ కబురు కూడా మేం ఆ మెత్తని గొంతుతోనే చెబుతాం.

ఇక ఇంట్లోవాళ్లు. మా అత్తగారు పెళ్లయిన నాటి నుంచి నా పప్పులో ఉప్పు గురించి తప్ప నాతో మాట్లాడి ఎరగరు. అలాంటావిడ ఆసుపత్రికి వచ్చి, "తిన్నావా తల్లీ, కాసేపు నడుం వాల్చరాదూ" అని నా తల నిమిరారు. ద్వారకా తిరుమల వెళ్లొచ్చి ప్రసాదం నోట్లో పెడుతూ చూపు పక్కకు తిప్పుకున్నారు. మా ఆయన కొల్లేరు పక్కన చేపల చెరువులు చేస్తారు. చెరువులో గాలి తగ్గితే చేపలు తేలిపోతాయని తెల్లారకుండానే గట్టు మీద ఉండే మనిషి, చెరువులు గాలికొదిలేసి అద్దంలోంచి పిల్ల ఆక్సిజన్ అంకె చూస్తూ నిలబడేవారు. ఎలా ఉందని అడిగితే "బానే ఉందిలే, నువ్వు పడుకో" అని దుప్పటి కప్పేవారు. ఆయన నాకు దుప్పటి కప్పడం అదే మొదలు. అందరూ కలిసి నా దగ్గర ఏదో దాస్తున్నారని తేల్చేసుకున్నాను. వాళ్లు నవ్వితే అనుమానం, నవ్వకపోతే ఇంకా అనుమానం.

పెద్ద సిస్టరుగారి మీద మరీను. నా పక్కన కూర్చునే తాడేపల్లిగూడెం అమ్మాయిని "పాలు తీసిమ్మంటే ఇంకా కూర్చున్నావేంటి?" అని కసిరేవారు. నా దగ్గరకొచ్చేసరికి "రండి అమ్మగారూ, చేతులు కడుక్కున్నారాండీ" అనేవారు. ఆ అమ్మాయి కొడుకు ఆ వారమే ఇంటికి వెళ్లిపోయాడు. అప్పుడు నాకు అర్థమైంది, బతికే పిల్లల తల్లులకే తిట్లు. ఆ తిట్ల కోసం అసూయపడి ఏడ్చాను.

వారాలు గడిచాక ఒక ఉదయం పిల్లను పెట్టెలోంచి తీసి, ఒంటికి ఒళ్లు తగిలేలా నా గుండెల మీద పడుకోబెట్టారు. కదలకుండా కూర్చున్నాను. పెద్ద సిస్టరుగారు వచ్చి చూసి నడుం మీద చేతులు పెట్టుకున్నారు.

"ఏంటమ్మా అలా కొయ్యలా కూర్చున్నావ్? సరిగ్గా పట్టుకో. రేపు ఇంటికెళ్లాక నీళ్లు పొయ్యడానికి నేనొస్తానా?"

ఒక్క అండీ లేదు. నేను భోరుమన్నాను. ఆవిడ కంగారుపడిపోయి, "అయ్యో, ఏమనుకోకండి అమ్మగారూ, ఊరికే అన్నానండీ" అన్నారు.

"మీకు దణ్ణం పెడతాను సిస్టరుగారూ, ఇందాకట్లాగే తిట్టండి" అన్నాను.

బయటికొచ్చి చెబితే మా అత్తగారు, "ఇంటికా? ఆ మాట ముందే కనుక్కోవద్దూ? నీకు ఏదీ పట్టదు కదా!" అని విరుచుకుపడ్డారు. పడుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. అప్పుడు పూర్తిగా నమ్మాను.

మొన్నటి ఫోన్ సంగతేమిటంటే, పిల్ల ఆటల్లో పడి మోకాలు గీరుకుంది. ఏడుస్తోందా అని అడిగాను. "ఏడవడమా? తోసినవాణ్ణి తిడుతోందండీ, మేం ఆపలేకపోతున్నామండీ" అన్నారు టీచరుగారు. ఫోన్లో ఆ గొంతు నాకూ వినిపిస్తోంది. ఒకప్పుడు నోరు తెరిచి ఏడ్చినా గాజు దాటి రాని గొంతు అది. మధ్యలో పదేళ్లు ఎటు పోయాయో అనుకుంటూ ఉంటాను గానీ, ఎక్కడికీ పోలేదు, ఆ గొంతులోకే చేరాయి.